నెట్‌వర్క్ డ్రైవర్ వెతికే ముందు చిప్ ఏదో తేల్చుకోవాలి

విండోస్ కొత్తగా వేసుకున్న కంప్యూటర్లో స్క్రీన్ వస్తుంది, కీబోర్డ్ పనిచేస్తుంది, మౌస్ కదులుతుంది, కింద మూలన వైఫై గుర్తు మాత్రం ఉండదు. పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌నే డ్రైవర్ అంటారు. మిగతా ఏ డ్రైవర్ లేకపోయినా పెద్ద చిక్కేమీ లేదు, నెట్‌లోంచి దించుకుంటే సరిపోతుంది. నెట్‌వర్క్ అడాప్టర్ (కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే భాగం) డ్రైవరే లేకపోతే దాన్ని దించుకోవడానికి కూడా నెట్ ఉండదు కదా, టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది. ఆ కంగారులో చాలామంది చేసేది ఒకటే: వేరే సిస్టమ్‌లో ల్యాప్‌టాప్ మోడల్ పేరు కొట్టి, వైఫై అని కనిపించిన ప్రతి ఫైలునూ దించి, ఒకదాని తర్వాత ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోవడం. గంటలు గడిచిపోతాయి, వైఫై రాదు, పైగా అక్కర్లేని సాఫ్ట్‌వేర్ నాలుగైదు రకాలు సిస్టమ్‌లో చేరి కూర్చుంటాయి. నిజానికి ఈ పనిలో ఇన్‌స్టాల్ చేయడం చిన్న భాగం. లోపల ఉన్న చిప్ ఏ కంపెనీది, ఏ రకం అన్నది కచ్చితంగా తేల్చుకోవడమే పెద్ద భాగం. అది తేలితే మిగతాది ఎక్కువసేపు పట్టదు.

మోడల్ పేరుతో వెతికితే ఎందుకు కుదరదంటే, ల్యాప్‌టాప్ కంపెనీలు నెట్‌వర్క్ చిప్‌లు తయారుచేయవు, కొని పెడతాయి. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, బ్రాడ్‌కామ్ లాంటి కొద్ది కంపెనీల చిప్‌లే దాదాపు అన్ని కంప్యూటర్లలోనూ ఉంటాయి. ఒకే పేరు, ఒకే మోడల్ నంబర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదాంట్లో ఇంటెల్ వైఫై కార్డు, ఇంకోదాంట్లో మీడియాటెక్ కార్డు ఉండటం మామూలే. ఆ సమయానికి ఏది దొరికితే అది బిగించి పంపుతారు. అందుకే కంపెనీ సపోర్ట్ పేజీలో ఒకే మోడల్ కింద మూడు నాలుగు వైఫై డ్రైవర్లు కనిపిస్తాయి. అవన్నీ ఒకదానికొకటి కొత్త వెర్షన్లని అనుకుని అన్నీ వేసేస్తుంటారు కానీ అవి వేర్వేరు చిప్‌లవి, మీ దాంట్లో ఉన్నది వాటిలో ఒక్కటే.

ఇక్కడ డ్రైవర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుంటే మంచిది. ఈ డేటా పంపు, వచ్చింది ఇవ్వు అని చెప్పడం వరకే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలుసు. ఆ మాట చిప్‌కి ఎలా చెప్పాలి, చిప్ లోపలి ఏ రిజిస్టర్‌లో, అంటే ఏ చిన్న అరలో, ఏ విలువ రాస్తే అది నిద్రలేస్తుంది, వచ్చిన డేటాను మెమరీలో ఎక్కడ పెడుతుంది అన్నవి చిప్ చిప్‌కీ మారిపోతాయి. ఆ మధ్యవర్తి పనంతా డ్రైవర్‌దే. మైక్రోసాఫ్ట్ చాలా చిప్‌ల డ్రైవర్లను విండోస్‌తోపాటే ఇస్తుంది, పాత కంప్యూటర్లో కొత్త విండోస్ వేస్తే నెట్ దానంతటదే వచ్చేయడానికి కారణం అదే. తారుమారైతేనే ఇబ్బంది. కంప్యూటర్ కొత్తది, చేతిలో ఉన్న విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్ పాతది అయితే, ఆ ఫైల్ తయారైన నాటికి ఆ చిప్ మార్కెట్లోకే వచ్చి ఉండదు, దాని డ్రైవర్ అందులో ఉండే అవకాశమే లేదు. కాబట్టి విండోస్ మళ్లీ వేయాలనుకున్నప్పుడు ఎప్పుడో దించి పెట్టుకున్న ఫైల్ కాకుండా తాజా ఇన్‌స్టాలేషన్ ఫైల్ దించుకుంటే సగం సందర్భాల్లో ఈ తలనొప్పి రాకుండానే పోతుంది.

డ్రైవర్ వేటకు దిగే ముందు అసలు సమస్య డ్రైవర్‌దేనా అన్నది చూడాలి. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే మెనూలో డివైస్ మేనేజర్ ఉంటుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న వరుస, అదర్ డివైసెస్ అన్న వరుస, ఈ రెండూ చూస్తే చాలు. అదర్ డివైసెస్ కింద ఈథర్‌నెట్ కంట్రోలర్ అనో నెట్‌వర్క్ కంట్రోలర్ అనో పసుపు రంగు హెచ్చరిక గుర్తుతో కనిపిస్తే అది అచ్చంగా డ్రైవర్ లేని కేసు. మొదటిది కేబుల్ పెట్టుకునే అడాప్టర్, రెండోది చాలాసార్లు వైఫై. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వచ్చే పెట్టెలో కోడ్ 28 అని ఉంటుంది, డ్రైవర్ ఇన్‌స్టాల్ కాలేదని దాని అర్థం. ఇది నిజానికి శుభవార్తే, ఎందుకంటే చిప్ బతికే ఉంది, విండోస్‌కి కనిపిస్తోంది, దానితో ఎలా మాట్లాడాలో మాత్రమే తెలియట్లేదు.

నెట్‌వర్క్ అడాప్టర్స్ కిందే పేరు సరిగ్గా ఉండి, పక్కన పసుపు గుర్తు ఉంటే కథ వేరు. కోడ్ 10 అని ఉంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం స్టార్ట్ కావట్లేదు. సరిపడని డ్రైవర్ వల్ల ఇలా కావచ్చు, చిప్ ఏదో స్థితిలో ఇరుక్కుపోయినా కావచ్చు. రెండోదాని సంగతి ముందు చూసుకోవడం తేలిక: ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం పాటు నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేయాలి. ఏమిటీ మంత్రం అనిపిస్తుంది కానీ బోర్డు మీద మిగిలిపోయిన కరెంటు పూర్తిగా పోతే తప్ప కొన్ని వైఫై కార్డులు మొదటినుంచి మొదలుకావు. కోడ్ 22 అని ఉంటే ఎవరో ఆ పరికరాన్ని డిసేబుల్ చేశారంతే, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే పనైపోతుంది.

ఏ వరుసలోనూ, ఏ పేరుతోనూ కనిపించకపోతే మాత్రం ఎన్ని డ్రైవర్లు వేసినా లాభం లేదు. విండోస్‌కి చిప్ ఉన్నట్టే తెలియదు కాబట్టి డ్రైవర్ ఎవరితో మాట్లాడాలి? బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే సెటప్) సెట్టింగ్స్‌లో వైఫైని కానీ ఆన్‌బోర్డ్ ల్యాన్‌ని (బోర్డులోనే ఉండే కేబుల్ అడాప్టర్‌ని) కానీ ఆపేసి ఉండొచ్చు, కార్డు స్లాట్‌లో కదిలి ఉండొచ్చు, పాడైపోయి ఉండొచ్చు. విడిగా కార్డు కొని బిగించుకునేవాళ్లు ఇంకో చోట దెబ్బతింటారు. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 చూడటానికి ఎం.2 అనే సన్నటి స్లాట్‌లో పెట్టే మామూలు కార్డుల్లాగే ఉంటాయి, స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి. కానీ వాటి పనిలో కొంత భాగం ప్రాసెసర్, చిప్‌సెట్ వైపే ఉంటుంది, అందుకు తగ్గ ఇంటెల్ సిస్టమ్‌లో తప్ప అవి పనిచేయవు. ఏఎండీ ప్రాసెసర్ పెట్టే బోర్డులో పెడితే డివైస్ మేనేజర్‌లో కనిపించనే కనిపించవు. అలాంటి బోర్డుకి ఏఎక్స్200, ఏఎక్స్210 లాంటివి తీసుకోవాలి. నంబర్‌లో ఒక్క అంకె తేడా, ఆ తేడా తెలియక డ్రైవర్‌ని తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు ఎందరో.

చివరి రకం, అడాప్టర్ పేరు సరిగ్గా ఉంది, పసుపు గుర్తు లేదు, అయినా నెట్ లేదు. అప్పుడు ఐపీ అడ్రస్ చూడాలి. 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే రూటర్ నుంచి అడ్రస్ రాక విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. కేబుల్, రూటర్, పాస్‌వర్డ్ చూసుకోవాల్సిన చోట డ్రైవర్‌ని పీకి పెట్టడం అనవసరం.

డ్రైవర్ లేదనే తేలింది, ఇప్పుడు చిప్ ఏదో పట్టుకోవాలి. డివైస్ మేనేజర్‌లో ఆ గుర్తుతెలియని పరికరం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్, అక్కడ ప్రాపర్టీ అన్న జాబితాలోంచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోవాలి. నాలుగైదు పొడుగాటి వరుసలు వస్తాయి, మొదటి వరుసలో అంతా ఉంటుంది. పీసీఐ అని మొదలై, వెన్ అన్న మూడు అక్షరాల తర్వాత ఒక నాలుగు స్థానాల సంఖ్య, డెవ్ తర్వాత ఇంకో నాలుగు స్థానాల సంఖ్య, సబ్‌సిస్ తర్వాత ఎనిమిది స్థానాలది, ఆఖర్న రెవ్ తర్వాత రెండు స్థానాలది. ఇవి హెక్సాడెసిమల్ సంఖ్యలు కాబట్టి అంకెల మధ్యలో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా వస్తాయి. మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు అనుకోండి: వెన్ తర్వాత ఉన్నది చిప్ చేసిన కంపెనీ, డెవ్ తర్వాత ఉన్నది ఆ కంపెనీ చిప్‌లలో ఇది ఏది అన్నది.

ఈ కంపెనీ నంబర్లు ఎవరికి వాళ్లు పెట్టుకునేవి కావు. పీసీఐ ప్రమాణాలు చూసే పీసీఐ-సిగ్ అనే సంస్థ కేటాయిస్తుంది, అందుకే ప్రపంచంలో ఎక్కడైనా ఆ నంబర్‌కి ఒకటే అర్థం. ఇంటెల్‌ది 8086, 1978లో వచ్చి ఆ కంపెనీకి పేరు తెచ్చిన ప్రాసెసర్ నంబరే అది. రియల్‌టెక్‌ది 10ఈసీ, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4, క్వాల్‌కామ్ ఎథెరోస్ వైఫై కార్డులది 168సీ, మీడియాటెక్‌ది 14సీ3. ఈ ఐదూ గుర్తుపెట్టుకుంటే చాలావరకు చూడగానే కంపెనీ చెప్పేయొచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. వెన్ తర్వాత 10ఈసీ, డెవ్ తర్వాత 8168 ఉందనుకోండి. రియల్‌టెక్ కంపెనీ, గిగాబిట్ కేబుల్ అడాప్టర్. విచిత్రం ఏంటంటే బోర్డు డబ్బా మీద 8111 అని రాసి ఉంటుంది, ఐడీలో 8168 వస్తుంది. రియల్‌టెక్ ఆ రెండు చిప్‌లకీ ఒకే డివైస్ నంబర్ వాడింది, డ్రైవర్ కూడా ఒకటే. డబ్బా మీది పేరు పట్టుకుని వెతికితే ఇలాంటి చోటే దారి తప్పుతాం. అదే 8125 ఉంటే రెండున్నర గిగాబిట్ చిప్, దాని డ్రైవర్ ఫైల్ వేరు.

సబ్‌సిస్ తర్వాతి ఎనిమిది స్థానాల్లో చివరి నాలుగూ ఆ చిప్‌ని తన కంప్యూటర్లో లేదా కార్డులో పెట్టిన కంపెనీవి. 1028 ఉంటే డెల్, 17ఏఏ ఉంటే లెనోవో. మామూలుగా దీంతో పనిపడదు కానీ కొన్ని వైఫై డ్రైవర్లు ఫలానా ల్యాప్‌టాప్ కంపెనీ కోసమే సర్ది ఉంటాయి, చిప్ కంపెనీ డ్రైవర్ వద్దని మొండికేసినప్పుడు ఈ నాలుగు స్థానాలు చూస్తే కారణం దొరుకుతుంది.

యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై అడాప్టర్లలో పీసీఐ బదులు యూఎస్‌బీ అని, వెన్ బదులు విడ్, డెవ్ బదులు పిడ్ అని ఉంటాయి, చదివే పద్ధతి అదే. రియల్‌టెక్ యూఎస్‌బీ నంబర్ 0బీడీఏ. వీటిలో ఒక రకం చాలామందిని తికమక పెడుతుంది. అడాప్టర్ పెట్టగానే వైఫై రాదు, దాని బదులు ఒక సీడీ డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. పాడైన వస్తువు ఇచ్చారనుకుని తిప్పి పంపేస్తుంటారు. అందులో తప్పేమీ లేదు, డ్రైవర్‌ని ఆ అడాప్టర్ లోపలే చిన్న డిస్క్‌లా పెట్టి ఇచ్చారు, దాన్ని తెరిచి సెటప్ నడిపిస్తే అప్పుడు వైఫై అడాప్టర్‌గా మారుతుంది. నెట్ లేని కంప్యూటర్‌కి ఇది నిజంగా మంచి ఏర్పాటు.

ఐడీ చేతికొచ్చాక డ్రైవర్ ఎక్కడ తీసుకోవాలన్నది ప్రశ్న. ల్యాప్‌టాప్ అయితే ముందు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ. మోడల్ పేరుతో కాకుండా వెనకాల ఉన్న సీరియల్ నంబర్ కొడితే, చాలా కంపెనీల పేజీల్లో మీ మెషీన్‌కి సరిపోయేవాటికే జాబితా కుదించుకుపోతుంది. అక్కడ దొరికే వెర్షన్ కాస్త పాతదై ఉండొచ్చు, ఫర్వాలేదు, ఆ మెషీన్ మీద పరీక్షించి పెట్టినది. రెండో చోటు చిప్ కంపెనీ. ఇంటెల్ తన వైఫై, ఈథర్‌నెట్ డ్రైవర్లు రెండింటినీ నేరుగా అందరికీ ఇస్తుంది, ఈ విషయంలో మెచ్చుకోవాలి. రియల్‌టెక్ కేబుల్ చిప్‌ల డ్రైవర్లు తన సైట్‌లో పెడుతుంది. మీడియాటెక్, క్వాల్‌కామ్ వైఫై కార్డులైతే మళ్లీ ల్యాప్‌టాప్ కంపెనీ దగ్గరికో బోర్డు కంపెనీ దగ్గరికో రావాల్సిందే.

చాలామందికి తెలియని మూడో చోటు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్. విండోస్ అప్‌డేట్ ద్వారా పంచే డ్రైవర్లన్నీ అక్కడ విడివిడిగా దొరుకుతాయి, వెతుకులాట పెట్టెలో వెన్ నుంచి డెవ్ నంబర్ దాకా ఉన్న ముక్కను కాపీ చేసి వేస్తే ఆ చిప్‌వి మాత్రమే వస్తాయి. క్యాబ్ ఫైల్ రూపంలో దిగుతుంది, జిప్ ఫైల్‌లాగే విప్పుకోవాలి. కంపెనీ మూతపడినా, పాత మోడల్ అని సపోర్ట్ పేజీ తీసేసినా ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ. ఫైల్‌ని ఎవరూ మార్చలేదని చూసే డిజిటల్ సంతకం పరీక్ష దాటి వచ్చిన ఫైళ్లు కాబట్టి నమ్మకంగా వాడుకోవచ్చు.

ఈ మూడు చోట్లూ దాటి నాలుగో చోటికి పోవద్దు. డ్రైవర్ అప్‌డేటర్ అని, ఒక్క క్లిక్‌తో అన్నీ సరిచేస్తామని చెప్పే ప్రోగ్రాముల గురించి గట్టిగానే చెప్పాలి. డ్రైవర్ అంటే మామూలు యాప్ కాదు, విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో నడిచే కోడ్. దాన్ని ఎక్కడినుంచి తెచ్చారో చెప్పని ప్రోగ్రామ్ చేతిలో పెట్టడం అంటే తాళాలు ఇచ్చేసినట్టే. చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లో కూడా ఇవి పాతబడిన డ్రైవర్లు ఇన్ని ఉన్నాయని ఎర్రరంగులో భయపెట్టి డబ్బు కట్టమంటాయి. డ్రైవర్ పాతదవడం జబ్బు కాదు. నెట్ బాగా వస్తుంటే, స్పీడ్ సరిగ్గా ఉంటే, భద్రతా లోపం ఏదీ బయటపడకపోతే దాని జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

సరే, ఫైల్ ఎక్కడుందో తెలిసింది, నెట్ లేని కంప్యూటర్‌లోకి దాన్ని తేవడం ఎలా? వేరే సిస్టమ్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. అంతకంటే తేలికైనది ఫోన్. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఫోన్ ఒక నెట్‌వర్క్ అడాప్టర్‌లా కనిపిస్తుంది. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉండటం వల్ల చాలా ఫోన్లకు విడిగా ఏదీ వేయక్కర్లేదు. మొబైల్ డేటా ఖర్చవుతుందన్న దిగులు కూడా అక్కర్లేదు, ఫోన్ వైఫైకి కనెక్ట్ అయి ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే కేబుల్ గుండా కంప్యూటర్‌కి ఇస్తాయి. ఐఫోన్ దగ్గర మాత్రం చిక్కుంది, దానికి ఆపిల్ డ్రైవర్ కావాలి, నెట్ లేని కొత్త విండోస్‌లో అది ఉండదు. టెథరింగ్‌తో నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్ ఒకసారి నడపాలి, తర్వాత అందులోనే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఆప్షనల్ అప్‌డేట్స్ చూడాలి, చాలాసార్లు కావలసిన నెట్‌వర్క్ డ్రైవర్ అక్కడే ఉంటుంది, వెతుకులాట అక్కడితో ముగుస్తుంది.

విండోస్ 11 సెటప్ నెట్ కావాలని మధ్యలో ఆగిపోతే ఇంకొంచెం కంగారు పుడుతుంది, ఎందుకంటే డెస్క్‌టాప్ కూడా ఇంకా రాలేదు. టెథరింగ్ అక్కడ కూడా పనిచేస్తుంది. కొత్త వెర్షన్ల సెటప్‌లో ఆ నెట్‌వర్క్ పేజీ మీదే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకునే బటన్ ఇచ్చారు, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టిన డ్రైవర్ ఫోల్డర్‌ని చూపిస్తే చాలు. ఆ బటన్ లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ విండో తెరుచుకుంటుంది, అక్కడినుంచి డివైస్ మేనేజర్‌ని పిలుచుకోవచ్చు.

ఇన్‌స్టాల్ విషయానికొస్తే, డ్రైవర్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఈఎక్స్ఈ రూపంలో వస్తే రెండుసార్లు క్లిక్ చేసి నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే. జిప్ లేదా క్యాబ్ రూపంలో వస్తే దాన్ని ముందు పూర్తిగా ఒక ఫోల్డర్‌లోకి విప్పాలి. విప్పకుండా జిప్ లోపలినుంచే ఇన్‌స్టాల్ చేయబోయి ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ తెచ్చుకునేవాళ్లు చాలామంది. విప్పిన ఫోల్డర్‌లో మూడు రకాల ఫైళ్లు ముఖ్యం: ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్. ఎస్‌వైఎస్ అసలు డ్రైవర్, క్యాట్ దాని డిజిటల్ సంతకం, ఐఎన్ఎఫ్ ఏ చిప్‌కి ఏ ఫైల్ వేయాలో విండోస్‌కి చెప్పే చీటీ. ఆ ఐఎన్ఎఫ్ మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డివైస్ మేనేజర్‌లో చూసిన వెన్, డెవ్ నంబర్లను కంట్రోల్, ఎఫ్ కొట్టి వెతికితే, అవి అందులో ఉన్నాయా లేదా అన్నది ఇన్‌స్టాల్ చేయకముందే తెలిసిపోతుంది. ఉంటే అది మీ చిప్ డ్రైవరే. లేకపోతే పేరు ఎంత దగ్గరగా ఉన్నా మీది కాదు. ఈ ఒక్క అలవాటు ఎన్నో వృథా ప్రయత్నాలను తప్పిస్తుంది.

ఫోల్డర్ సరైనదే అని తేలాక డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్, అందులో కంప్యూటర్‌లోంచి వెతికే ఆప్షన్ ఎంచుకుని, ఆ ఫోల్డర్‌ని చూపించాలి, లోపలి ఫోల్డర్లను కూడా వెతకమనే టిక్ ఉంచాలి. పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్‌తో ఫోల్డర్‌లోని డ్రైవర్లన్నిటినీ ఒకేసారి ఎక్కించే వీలు కూడా ఉంది, పది మెషీన్లు సెట్ చేసేవాళ్లకు అదే మేలు.

ఇక్కడ ఎదురయ్యే అడ్డంకులు ఎక్కువగా రెండు. ఒకటి ప్రాసెసర్ రకం. 64 బిట్ విండోస్‌కి 32 బిట్ డ్రైవర్ ఎక్కదు. ఇంటెల్, ఏఎండీల కంటే వేరైన ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో మామూలు ఇంటెల్ రకం యాప్‌లు నడుస్తాయి కదా అని యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొంటారు, కానీ యాప్‌లకున్న ఆ వెసులుబాటు డ్రైవర్లకు లేదు, ఏఆర్‌ఎం కోసమే చేసిన డ్రైవర్ ఉంటేనే అది పనిచేస్తుంది. రెండోది సంతకం. కోడ్ 52 వచ్చిందంటే విండోస్ ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మలేదు. సంతకం పరీక్షను ఆపేసి ఎక్కించండని సలహాలు కనిపిస్తాయి, ఆ సలహా వినొద్దు. సంతకం కుదరని నెట్‌వర్క్ డ్రైవర్ అంటే ఎవరో మార్చిన ఫైల్ అయినా అయి ఉండాలి, మరీ పాతదైనా అయి ఉండాలి. అంతకంటే సరైన డ్రైవర్ ఉన్న చిన్న యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోవడం మేలు.

డ్రైవర్ తేదీ చూసి పాతదా కొత్తదా అని తేల్చేసుకోవడం కూడా పొరపాటే. విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు ఎన్నింటికో 2006 జూన్ 21 అని తేదీ ఉంటుంది, నిన్న వేసిన విండోస్‌లో కూడా. అది కావాలని పెట్టిందే. ఒకే చిప్‌కి రెండు డ్రైవర్లు దొరికినప్పుడు విండోస్ ముందు ఏది హార్డ్‌వేర్ ఐడీకి ఎక్కువ దగ్గరగా సరిపోతుందో చూస్తుంది, రెండూ సమానమైతే తేదీ చూస్తుంది. తన డ్రైవర్‌కి పాత తేదీ వేస్తే చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవరే గెలుస్తుంది, అందుకని అలా చేశారు. ఇంటెల్ చిప్‌సెట్ ఫైళ్లలో ఇంకా ముందుకెళ్లి 1968 జూలై 18 అని వేసింది, ఆ కంపెనీ పుట్టిన రోజు అది. కాబట్టి చూడాల్సింది వెర్షన్ నంబర్. వైఫై అయితే కమాండ్ విండోలో నెట్‌ఎస్‌హెచ్, డబ్ల్యూల్యాన్, షో, డ్రైవర్స్ అన్న నాలుగు మాటలూ ఇంగ్లిష్‌లో వరుసగా కొడితే డ్రైవర్ వెర్షన్‌తోపాటు ఆ కార్డు ఏయే వైఫై రకాలు పలుకుతుందో కూడా చూపిస్తుంది.

డ్రైవర్ వేసినంత మాత్రాన కార్డు సత్తా అంతా బయటికి రాదని కూడా తెలిసి ఉండాలి. వైఫై 6ఈ కార్డు కొని విండోస్ 10లో పెట్టి, 6 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కనిపించట్లేదని డ్రైవర్లు మార్చి మార్చి చూసేవాళ్లున్నారు. ఆ బ్యాండ్‌కి విండోస్ 11 కావాలి, వైఫై 7కైతే విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇన్‌స్టాల్ అయ్యాక షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నెల్ స్థితిని డిస్క్‌లో దాచి, మళ్లీ ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది, డ్రైవర్లు మొదటినుంచి లోడ్ కావు. రీస్టార్ట్‌లో అవుతాయి. కొత్త డ్రైవర్ తర్వాత నెట్ ఆగి ఆగి వస్తుంటే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ నొక్కి పాతదానికి వెళ్లొచ్చు. ఆ బటన్ మసకగా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి, చేసేటప్పుడు డ్రైవర్ ఫైళ్లను కూడా తీసేయమనే టిక్ పెట్టాలి, లేకపోతే రీస్టార్ట్ అయ్యాక విండోస్ తన దగ్గర దాచుకున్న అదే డ్రైవర్‌ని మళ్లీ తెచ్చి పెడుతుంది. ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచాక మాత్రమే వైఫై పోతుంటే, కొన్ని మెషీన్లలో అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది, అక్కడ కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్ తీసేసి చూడాలి.

లినక్స్‌లో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే కలిసి వస్తాయి, విడిగా దించుకునే పని తక్కువ. చిప్ ఐడీ ఎల్‌ఎస్‌పీసీఐ అన్న కమాండ్‌కి ఎన్‌ఎన్‌కే అన్న ఆప్షన్ జతచేస్తే కనిపిస్తుంది, దాని కింద ఏ డ్రైవర్ వాడుతోందో కూడా ఉంటుంది, ఆ వరుసే లేకపోతే డ్రైవర్ లేనట్టు. అప్పుడు వెతకాల్సింది డ్రైవర్‌ని కాదు, కెర్నెల్ వెర్షన్‌ని. ఇంటెల్ ఏఎక్స్210కి 5.10, మీడియాటెక్ ఎంటీ7921కి 5.12 లేదా ఆ పైన కెర్నెల్ కావాలి. పాత డిస్ట్రిబ్యూషన్‌లో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ కూర్పులో) ఆ కార్డు పనిచేయలేదంటే కొత్త వెర్షన్ వేసుకోవడమే సరైన మందు, ఎక్కడో దొరికిన సోర్స్ కోడ్‌ని కంపైల్ చేసుకోవడం ఆఖరి మార్గం. కెర్నెల్ కొత్తదే అయినా వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైల్ లేదేమో చూడాలి, కెర్నెల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని స్పష్టంగా రాసి ఉంటుంది. డెబియన్‌లో ఒకప్పుడు ఇదే పెద్ద తలనొప్పి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండి లినక్స్‌లో మాత్రమే వైఫై అప్పుడప్పుడు మాయమవుతుంటే విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపి చూడాలి, అది కార్డుని సగం నిద్రలో వదిలేయడం వల్ల కూడా అలా అవుతుంది.

నెట్ ఇప్పుడు బాగానే వస్తున్న కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయబోతుంటే ఈ వెతుకులాట ఏదీ అక్కర్లేదు, పనిచేస్తున్న డ్రైవర్ అందులోనే ఉంది, బయటికి తీసి పెట్టుకుంటే చాలు. కమాండ్ విండోని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాక చెప్పిన పీఎన్‌పీయుటిల్ కమాండ్‌కే ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ అన్న ఆప్షన్, ఒక నక్షత్రం గుర్తు, పెన్‌డ్రైవ్‌లో ముందే చేసి పెట్టుకున్న ఫోల్డర్ దారి ఇస్తే బయటినుంచి ఇన్‌స్టాల్ అయిన డ్రైవర్లన్నీ ఒక్కొక్కటి ఒక్కో ఫోల్డర్‌గా అందులోకి వచ్చేస్తాయి, నెట్‌వర్క్‌వే కాదు, సౌండ్, గ్రాఫిక్స్, టచ్‌ప్యాడ్ అన్నీ. విండోస్‌తో వచ్చిన సొంత డ్రైవర్లు ఇందులో రావు, అవి కొత్త విండోస్‌లో ఎలాగూ ఉంటాయి. ఫార్మాట్ అయ్యాక డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌ని చూపిస్తే ఏ చిప్‌కి ఏది కావాలో విండోస్ తనే ఏరుకుంటుంది.